బోర్డు లేవనప్పుడు ఒక ఎస్‌డీ కార్డు

బీగిల్‌బోన్ బ్లాక్ అని ఒక చిన్న కంప్యూటర్ బోర్డు. 2013 ఏప్రిల్‌లో 45 డాలర్ల ధరతో బజారులోకి వచ్చింది. అరచేతిలో పడుతుంది. మీద మూడే బటన్లు. ఒకటి పవర్‌కి, ఒకటి రీసెట్‌కి. మూడోది మైక్రో ఎస్‌డీ కార్డు పెట్టే చోటుకి పైన ఉంటుంది. రోజువారీ పనిలో దానితో అవసరం పడదు. అందుకే బోర్డు కొన్నవాళ్లలో చాలామంది దాన్ని ఎప్పుడూ నొక్కి ఉండరు. లోపలి లినక్స్ పాడై, ఎన్నిసార్లు ప్లగ్గు తీసి పెట్టినా బోర్డు లేవని రోజున మాత్రం ఆ బటనూ, దాని కింద దూర్చే కార్డూ దిక్కవుతాయి. ఆ కార్డుని ఎలా తయారుచేస్తారు, పాడైన బోర్డుని అది ఎలా లేపగలుగుతుంది అన్నవే ఈ ప్రసంగంలో విషయాలు.

ముందు బోర్డు ఎందుకు పడుకుంటుందో చూడాలి. కారణాలు చాలా మామూలువి. అప్‌గ్రేడ్ నడుస్తుండగా కరెంటు పోతుంది, లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ ఫైలు సగంలో ఆగిపోతుంది. ఏ డిస్కుని ఎక్కడ తగిలించుకోవాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో ఒక అక్షరం తప్పు పడుతుంది. నెలల తరబడి లాగ్ ఫైళ్లు పేరుకుని జాగా నిండిపోతుంది. ప్రాజెక్టు డెమోకి ముందు రాత్రి ఎవరో, బోర్డు మీద ఏ పరికరం ఎక్కడుందో చెప్పే డివైస్ ట్రీ ఫైలు మార్చి రీబూట్ కొడతారు. తెల్లారి చూస్తే పవర్ లైటు వెలుగుతుంటుంది, అంతకుమించి ఏ కదలికా ఉండదు. "బోర్డు డెడ్ అయిపోయింది" అనేసి దాన్ని బీరువాలో పడేస్తారు. కొత్తదానికి ఆర్డర్ పెడతారు.

చాలాసార్లు ఆ మాట నిజం కాదు. ప్రాసెసర్ బాగానే ఉంటుంది, మెమరీ బాగానే ఉంటుంది. చెడింది స్టోరేజీలో ఉన్న రాత మాత్రమే. చెరిపి మళ్లీ రాసుకోగలిగిన దానికోసం బోర్డునే పారేయడం ఎంత అన్యాయమో ఈ చిప్పులు ఎలా మేలుకుంటాయో తెలిస్తే అర్థమవుతుంది.

బీగిల్‌బోన్ బ్లాక్‌లో ఉన్నది టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ తయారుచేసే ఏఎం 3358 ప్రాసెసర్. దాని లోపల 176 కిలోబైట్ల బూట్ రోమ్ ఉంటుంది. ఫ్యాక్టరీలో చిప్పుతో పాటే పుట్టిన ప్రోగ్రాం అది. ఆ తర్వాత దాన్ని ఎవరూ మార్చలేరు, ఏ వైరసూ తాకలేదు, ఏ కరెంటు కోతా చెరపలేదు. కరెంటు రాగానే మొట్టమొదట నడిచేది అదే. దానికి లినక్స్ అంటే తెలీదు. బోర్డు మీద ఉన్న 512 మెగాబైట్ల ర్యామ్‌ని వాడుకోవడం కూడా తెలీదు. దానికి తెలిసిన విద్య ఒక్కటే: కొన్ని చోట్ల వరసగా వెతికి, దొరికిన మొదటి చిన్న ప్రోగ్రాంని చిప్పు లోపలి కాస్త మెమరీలోకి లాక్కుని, దాన్ని నడపడం.

ఆ వెతుకులాటకి ఒక వరస ఉంది. మామూలుగా అయితే ముందు బోర్డు మీదే అతికించి ఉన్న ఈఎంఎంసీ స్టోరేజీ, తర్వాత ఎస్‌డీ కార్డు, తర్వాత సీరియల్ పోర్టు, ఆఖరికి యూఎస్‌బీ. చిక్కంతా ఇక్కడే వస్తుంది. ఈఎంఎంసీలో మొదటి ముక్క బాగానే ఉండి దాని తర్వాతవి చెడిపోయాయనుకుందాం. బూట్ రోమ్‌కి కావలసింది మొదటి ముక్కే. అది దొరికేసింది కాబట్టి ఇక కార్డు వైపు చూడనే చూడదు. మూడో బటన్ పెట్టింది ఇందుకే. దాన్ని నొక్కి పట్టి కరెంటు ఇస్తే వరస మారిపోతుంది: ఈఎంఎంసీ జాబితాలోంచే తప్పుకుంటుంది, ఎస్‌డీ కార్డు ముందుకొస్తుంది.

ఒక మెలిక ఉంది. బటన్ నొక్కి ఉందా లేదా అని చిప్పు చూసేది కరెంటు వచ్చిన ఆ క్షణంలో మాత్రమే. బటన్ పట్టుకుని రీసెట్ కొడితే ఏమీ జరగదు. ప్లగ్గు పూర్తిగా తీయాలి, బటన్ నొక్కి పట్టాలి, అలాగే పట్టి ప్లగ్గు పెట్టాలి, నీలం లైట్లు వెలగడం మొదలయ్యాక వదలాలి. ఇది తెలియనివాళ్లు మంచి కార్డుని చెడ్డదనుకుని పక్కన పడేస్తుంటారు.

బూట్ రోమ్ లాక్కునే మొదటి ముక్క పేరు ఎంఎల్ఓ. అది 109 కిలోబైట్లకి మించకూడదు, ఎందుకంటే ఆ ఘడియలో పెద్ద ర్యామ్ ఇంకా మేలుకోలేదు. ఎంఎల్ఓ చేసే ముఖ్యమైన పని ఆ ర్యామ్‌ని లేపడమే. ర్యామ్ లేచాక దాంట్లోకి యూ-బూట్ అనే ఇంకా పెద్ద ప్రోగ్రాంని తెస్తుంది. జర్మనీకి చెందిన వోల్ఫ్‌గాంగ్ డెంక్ మొదలుపెట్టిన ఈ యూ-బూట్, ప్రపంచంలో లెక్కలేనన్ని రౌటర్లలో, టీవీ పెట్టెల్లో, ఫ్యాక్టరీ యంత్రాల్లో లినక్స్‌ని లేపుతోంది. అది కెర్నెల్‌నీ, డివైస్ ట్రీనీ మెమరీలో పెట్టి పక్కకి తప్పుకుంటుంది. అక్కడి నుంచి కథ లినక్స్‌ది.

రికవరీ కార్డుకి ఉన్న శక్తి ఇదే. ఈ ముక్కలన్నీ ఎంఎల్ఓ దగ్గర్నుంచి కార్డులోనే ఉంటాయి. బోర్డు మీది స్టోరేజీ నుంచి ఒక్క బైటు కూడా అరువు తెచ్చుకోనక్కర్లేదు. ఈఎంఎంసీ మొత్తం చెత్తతో నిండి ఉన్నా, పూర్తి ఖాళీగా ఉన్నా కార్డు పట్టించుకోదు.

ఎక్కడ ఆగిందో కళ్లారా చూడాలంటే ఒక సీరియల్ కేబుల్ కావాలి. బీగిల్‌బోన్ బ్లాక్ మీద ఆరు సూదులున్న ఒక చిన్న వరస ఉంటుంది. అక్కడ 3.3 వోల్టుల యూఎస్‌బీ సీరియల్ కేబుల్ తగిలించి, ల్యాప్‌టాప్‌లో టెర్మినల్ ప్రోగ్రాం తెరిచి, వేగం 115200 అని పెట్టాలి. అయిదు వోల్టుల కేబుల్ తగిలిస్తే నిజంగానే చిప్పు పోవచ్చు, కాబట్టి కేబుల్ మీద ఏం రాసుందో ముందే చూడాలి. ఇక కరెంటు ఇస్తే తెర మీద బోర్డు తన గోడు తానే చెప్పుకుంటుంది. యూ-బూట్ పేరు, దాని తేదీ కనిపించి ఆగిపోతే రోగం కెర్నెల్ దగ్గరో డివైస్ ట్రీ దగ్గరో ఉన్నట్టు. కెర్నెల్ మాటలు గబగబా పరుగెత్తి చివర్లో రూట్ ఫైల్ సిస్టమ్ దొరకలేదని ఆగిపోతే రోగం డిస్కుది. అదేమీ లేకుండా తెర మీద "సీ" అనే ఇంగ్లిష్ అక్షరం ఒక్కటే వరసగా పడుతూ పోతే భయపడనక్కర్లేదు, సంతోషించాలి. ఆ అక్షరాలు రాస్తున్నది బూట్ రోమ్. తనకి ఎక్కడా మొదటి ముక్క దొరకలేదని, సీరియల్ తీగ మీద ఎక్స్‌మోడెమ్ పద్ధతిలో ఎవరైనా పంపితే తీసుకుంటానని అడుగుతోంది. అంటే చిప్పు ప్రాణాలతో ఉంది.

బోర్డు బోర్డుకీ ఈ మొదటి ముక్క ఉండే చోటు మారుతుంది. ఒక బోర్డు కార్డు ఇంకో బోర్డుకి ఎందుకు పనికిరాదో దీన్నిబట్టి తెలుస్తుంది. ఏఎం 3358 చిప్పు కార్డు మొదట్లో, ఆ తర్వాత 128, 256, 384 కిలోబైట్ల దగ్గర, లేకపోతే ఫ్యాట్ పార్టిషన్‌లో ఎంఎల్ఓ అనే ఫైలు కోసం చూస్తుంది. ఆరెంజ్ పై బోర్డుల్లో చాలావాటిలో ఉండే ఆల్‌విన్నర్ చిప్పులు 8 కిలోబైట్ల దగ్గర చూస్తాయి. రాక్‌చిప్ చిప్పులు 32 కిలోబైట్ల దగ్గర. ఎన్ఎక్స్‌పీ వారి ఐ.ఎంఎక్స్ 6 అయితే 1 కిలోబైటు దాటగానే. కార్డు ఒక్కటే, లినక్స్ ఒక్కటే, ఏఆర్ఎమ్ కుటుంబం ఒక్కటే. అయినా అసలు చోట ముక్క లేకపోతే చిప్పు దృష్టిలో ఆ కార్డు ఖాళీయే. ఆల్‌విన్నర్ చిప్పుల్లో ఒక సదుపాయం ఉంది: అవి మామూలుగానే ఎస్‌డీ కార్డుని ముందు చూస్తాయి, ఈఎంఎంసీని తర్వాత. అక్కడ బటన్ పట్టుకునే పనే లేదు.

ఇక కార్డు తయారీ. దీనికి ముందు ఇమేజ్ కావాలి. ఇమేజ్ అంటే కొన్ని ఫైళ్లని కట్టిన మూట కాదు. ఒక కార్డు మొదటి బైటు నుంచి చివరి బైటు దాకా ఎలా ఉండాలో చూపే అచ్చమైన నకలు. మొదటి ముక్క, పార్టిషన్ పట్టిక, ఫైల్ సిస్టమ్ అన్నీ వాటి వాటి చోట్లలోనే ఉంటాయి. అందుకే ఇమేజ్ ఫైలుని మౌస్‌తో లాగి కార్డులో పడేస్తే బోర్డు లేవదు. ఆ ఫైలు కార్డులో ఒక సినిమా ఉన్నట్టే ఉంటుంది, అంతే. దాన్ని కార్డు మీద విప్పి, బైటు వెంట బైటు రాయాలి.

ఇమేజ్‌ని బోర్డు తయారీదారు సైటు నుంచే దించుకోవాలి. దాని పక్కనే షా 256 అనే పేరుతో 64 అక్షరాల వరస ఒకటి ఉంటుంది. దించిన ఫైలు మీద అదే లెక్క వేసి, రెండూ సరిపోయాయో లేదో చూడాలి. లినక్స్‌లో అయితే షా256సమ్ కమాండు, విండోస్‌లో సర్టుటిల్. ఒక్క నిమిషం పని. నెట్ మధ్యలో తెగి ఫైలు చివర కాస్త తగ్గినా ఇక్కడే దొరికిపోతుంది. లేదంటే ఆ లోపం బోర్డు సగం బూట్ అయ్యాక బయటపడి, ఎక్కడ వెతకాలో తెలియని గందరగోళంలోకి తోస్తుంది.

రాయడానికి తేలికైన దారి బలేనా ఎచర్ లాంటి ప్రోగ్రాం. ఇమేజ్ ఎంచుకుని, కార్డు ఎంచుకుని, బటన్ నొక్కితే రాస్తుంది. రాశాక తిరిగి చదివి సరిచూస్తుంది కూడా. ఆ సరిచూసే ఘట్టాన్ని తొందరపడి ఆపేవాళ్లుంటారు. ఆపకూడదు. చవక కార్డులు తమ గుట్టు బయటపెట్టుకునేది అప్పుడే.

కమాండు లైను అలవాటున్నవాళ్లకి 1970ల నుంచి యూనిక్స్‌లో ఉన్న డీడీ ఉంది. ఎక్కడి నుంచి, ఎక్కడికి అని రెండు మాటలు చెబితే చాలు, మారు మాటాడకుండా రాసేస్తుంది. "నిజంగానేనా?" అని ఒక్కసారి కూడా అడగదు. ఎక్కడికి అన్న చోట ల్యాప్‌టాప్ డిస్కు పేరు పడితే దాన్నీ అలాగే రాసేస్తుంది. దానికి డిస్క్ డిస్ట్రాయర్ అనే పేరు అందుకే వచ్చింది. కాబట్టి కార్డు పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి ఎల్ఎస్‌బీఎల్‌కే అనే కమాండు కొట్టాలి. రెండోసారి కొత్తగా కనిపించిన వరసే కార్డు. 32 జీబీ కార్డయితే సైజు గడిలో 29.7 దగ్గర్లో అంకె ఉంటుంది. 512 జీబీ ల్యాప్‌టాప్ డిస్కుకి 476.9 అని ఉంటుంది. ఆ రెండంకెలూ కళ్లతో చూశాకే ఎంటర్ నొక్కాలి.

పేరు దగ్గర ఇంకో జాగ్రత్త. కార్డు పేరు ఎస్‌డీబీ అనుకుంటే అలాగే రాయాలి. చివర 1 తగిలించి ఎస్‌డీబీ1 అని రాస్తే ఇమేజ్ కార్డు మొదట్లో కాకుండా మొదటి పార్టిషన్ లోపల పడుతుంది. చిప్పు చూసే చోట ఏమీ ఉండదు. డీడీ ఏ ఫిర్యాదూ చేయదు, రాత పూర్తయిందనే చెబుతుంది. బోర్డు మాత్రం లేవదు.

రాత పూర్తయిందన్న మాటని కూడా వెంటనే నమ్మకూడదు. లినక్స్ చాలాభాగం తన మెమరీలో పెట్టుకుని నిదానంగా కార్డులోకి పంపుతుంటుంది. సింక్ కమాండు కొట్టి, అది తిరిగొచ్చాకే కార్డు బయటికి తీయాలి. తీసిన కార్డుని మళ్లీ విండోస్ యంత్రంలో పెడితే "ఈ డిస్కుని ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?" అని అడగొచ్చు. బీగిల్‌బోన్ ఇమేజ్‌ల్లో చాలావాటిలో ఉండేది ఈఎక్స్‌టీ4 అనే లినక్స్ పార్టిషన్ ఒక్కటే, విండోస్ దాన్ని చదవలేదు. అందుకని కార్డు పాడైందనుకుంటుంది. అప్పుడు ఓకే నొక్కితే అంతసేపూ చేసిన పని ఒక్క క్లిక్కుతో పోతుంది. క్యాన్సిల్ నొక్కాలి.

కార్డు విషయంలో పిసినారితనం పనికిరాదు. మీద 64 జీబీ అని అచ్చేసి, లోపల అందులో ఎనిమిదో వంతు కూడా లేని నకిలీ కార్డులు ఈ రోజుకీ అమ్ముడవుతున్నాయి. లోపలి కంట్రోలర్ చిప్పు కంప్యూటర్‌కి అబద్ధం చెబుతుంది. హద్దు దాటాక రాసినదంతా గాల్లో కలుస్తుంది. ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాం కార్డు నిండా రాసి, తిరిగి చదివి నిజం బయటపెడుతుంది. కొత్త కార్డు కొన్న ప్రతిసారీ దాన్ని నడపడం మంచి అలవాటు. రికవరీ పనికి పెద్ద కార్డు కూడా అక్కర్లేదు, నమ్మకమైన కంపెనీ 8 జీబీ కార్డు చాలు.

ఇప్పుడు ఈ మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. రికవరీ కార్డులు రెండు రకాలు. ఒకటి కార్డు మీంచే లినక్స్ నడిపేది. ఈఎంఎంసీ జోలికి పోదు. రెండోది ఫ్లాషర్ కార్డు. బూట్ అయిన వెంటనే ఏమీ అడక్కుండా ఈఎంఎంసీని చెరిపి కొత్త లినక్స్‌ని అందులో రాస్తుంది. కళ్లకి రెండూ ఒకేలా ఉంటాయి. చాలా బీగిల్‌బోన్ ఇమేజ్‌ల్లో ఈ రెండింటికీ తేడా బూట్ ఫోల్డర్‌లోని యూఈఎన్‌వీ డాట్ టెక్స్ట్ అనే ఫైల్లో ఒక్క లైను. ఈఎంఎంసీ ఫ్లాషర్ స్క్రిప్టు పేరున్న ఆ లైను ముందు హ్యాష్ గుర్తు ఉంటే కార్డు సాధువు. ఆ ఒక్క గుర్తు తీసేస్తే ఫ్లాషర్.

బోర్డు లేవనప్పుడు చేతులు ముందు ఫ్లాషర్ కార్డు వైపే వెళ్తాయి. అది తప్పు. ముందు సాధువు కార్డుతోనే లేపాలి. లేచాక ఇప్పటి కెర్నెళ్లలో కార్డు ఎంఎంసీబీఎల్‌కే0 అని, ఈఎంఎంసీ ఎంఎంసీబీఎల్‌కే1 అని కనిపిస్తాయి. ఈఎంఎంసీ పార్టిషన్‌ని చదవడానికి మాత్రమే తగిలించి, అందులో హోమ్ ఫోల్డర్, సెట్టింగులున్న ఈటీసీ ఫోల్డర్, సెన్సర్ లెక్కలేవైనా ఉంటే అవీ బయటికి తీసుకోవాలి. ఒక విద్యార్థి ఆరు నెలల ప్రాజెక్టు కోడు మొత్తం ఆ బోర్డు మీదే ఉండి, ఇంకెక్కడా నకలు లేకపోవడం అరుదేమీ కాదు. అది పోతే ఏ ఫ్లాషర్ కార్డూ తిరిగి తెచ్చివ్వలేదు. కుదిరితే ఈఎంఎంసీ మొత్తాన్నీ డీడీతో ఒకే ఫైలుగా పెద్ద కార్డులోకి తీసి పెట్టుకోవాలి. ఉన్నదే మహా అయితే 4 జీబీ, దానికెంత జాగా కావాలి?

ఇంత చేశాక చాలాసార్లు మళ్లీ లినక్స్ వేసే అవసరమే రాదు. ఈ2ఎఫ్ఎస్‌సీకే కమాండుతో ఫైల్ సిస్టమ్‌ని సరిచేస్తే లేచి కూర్చుంటుంది. ఎఫ్‌స్టాబ్‌లో ఆ తప్పు అక్షరం దిద్దితే, నిండిపోయిన లాగ్ ఫైళ్లు తీసేస్తే పని అయిపోతుంది. బాగుచేయడానికి వీలున్నదాన్ని చెరపడం వైద్యం కాదు.

అప్పటికీ కుదరకపోతే ఫ్లాషర్ కార్డు. అప్పుడు కంప్యూటర్ యూఎస్‌బీ పోర్టు ఇచ్చే కరెంటు మీద ఆధారపడకుండా 5 వోల్టుల అడాప్టర్ పెట్టడం మేలు, ఎందుకంటే రాత మధ్యలో కరెంటు చాలకపోతే మళ్లీ మొదటికొస్తుంది. నెట్ కేబుల్, తగిలించిన ఇతర పరికరాలు అన్నీ తీసేసి, బటన్ నొక్కి పట్టి ప్లగ్గు పెట్టాలి. కాసేపటికి నాలుగు నీలం లైట్లు ఒక చివర నుంచి ఇంకో చివరకి, మళ్లీ వెనక్కి ఒకదాని తర్వాత ఒకటి పరుగెడతాయి. రాత నడుస్తోందనడానికి గుర్తు అదే. కార్డు వేగాన్ని బట్టి పది నిమిషాల్లో కావచ్చు, ముప్పావు గంట పట్టొచ్చు. పాత ఇమేజ్‌లైతే చివర నాలుగు లైట్లూ వెలిగి నిలిచిపోతాయి. కొత్తవైతే బోర్డు తనంతట తానే ఆగిపోయి లైట్లన్నీ ఆరిపోతాయి. ఈ తేడా తెలియక, లైట్లు ఆరగానే ఏదో కాలిపోయిందని బెంబేలు పడేవాళ్లున్నారు.

ఇమేజ్ ఎంచుకునేటప్పుడు బోర్డు వయసు చూడాలి. తొలి బీగిల్‌బోన్ బ్లాక్‌లలో ఈఎంఎంసీ 2 జీబీయే. 2014లో వచ్చిన రివిజన్ సీ నుంచి 4 జీబీ అయింది, ఆంగ్‌స్ట్రామ్ లినక్స్ స్థానంలో డెబియన్ వచ్చింది. డెస్క్‌టాప్‌తో కూడిన 4 జీబీ ఇమేజ్‌ని పాత బోర్డుకి ఎక్కించబోతే సగంలో జాగా అయిపోతుంది. దానికి డెస్క్‌టాప్ లేని చిన్న ఇమేజ్ చూసుకోవాలి.

రాస్ప్‌బెర్రీ పై బోర్డు వాడేవాళ్లకి ఈ కథ కొంచెం వేరుగా ఉంటుంది. 2012 ఫిబ్రవరి 29న అమ్మకానికొచ్చిన మొదటి పై నుంచి పై 3 దాకా బోర్డు మీద చెడడానికి స్టోరేజీయే లేదు. బూట్‌కోడ్ డాట్ బిన్ అనే ఫైలు దగ్గర్నుంచి అంతా కార్డులోనే ఉంటుంది. కార్డు మార్చితే కంప్యూటర్ మారిపోయినట్టే. ఏదైనా లోపముంటే ఆకుపచ్చ లైటు మిణుకుల లెక్కతో చెబుతుంది: నాలుగు మిణుకులైతే స్టార్ట్ డాట్ ఎల్ఫ్ అనే ఫైలు దొరకలేదని, ఏడైతే కెర్నెల్ దొరకలేదని. 2019 జూన్‌లో వచ్చిన పై 4లో మాత్రం బూట్‌లోడర్‌ని బోర్డు మీదే ఒక చిన్న ఈఈప్రామ్ చిప్పులోకి మార్చారు. మార్చారంటే, అది చెడే అవకాశం కూడా వచ్చిందన్నమాట. అందుకు విరుగుడు కూడా పెట్టారు. పై 4లోని బూట్ రోమ్ ఈఈప్రామ్‌ని చూడకముందే కార్డులో రికవరీ డాట్ బిన్ అనే ఫైలు ఉందేమో చూస్తుంది. ఉంటే దాన్ని నడిపి ఈఈప్రామ్‌ని కొత్తగా రాయిస్తుంది. 2020లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై ఇమేజర్‌లో ఈ కార్డు తయారుచేసే ఎంపిక సిద్ధంగా ఉంది. రాత సరిగ్గా జరిగితే ఆకుపచ్చ లైటు గబగబా కొట్టుకుంటుంది, హెచ్‌డీఎంఐ తెర మొత్తం ఆకుపచ్చగా నిలుస్తుంది.

కార్డు పెట్టే మనిషే లేని చోట ఏం చేస్తారన్న ప్రశ్న సహజం. అది నిజంగా ఎదురైంది. 2004 జనవరిలో అంగారకుడి మీద దిగిన నాసా వారి స్పిరిట్ రోవర్, దిగిన మూడు వారాల్లోపే ఆగకుండా రీబూట్ అవడం మొదలుపెట్టింది. ఫ్లాష్ మెమరీలో ఫైళ్లు పేరుకుపోయి, వాటి లెక్క రాసుకోవడానికి ర్యామ్ చాలలేదు. లేచిన ప్రతిసారీ ఆ ఫ్లాష్‌ని తెరవబోవడం, కుప్పకూలడం. అందులో నడిచింది లినక్స్ కాదు, వీఎక్స్‌వర్క్స్. కానీ రోగం మన బోర్డుల రోగమే. జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ ఇంజనీర్లు ఫ్లాష్‌ని ముట్టకుండా ర్యామ్‌తోనే లెమ్మని భూమ్మీంచి ఆదేశం పంపి రోవర్‌ని నిలబెట్టారు. పనికిరాని ఫైళ్లు తీసేశారు, ఆఖరికి ఫ్లాష్‌ని ఫార్మాట్ చేశారు. ఆ తర్వాత స్పిరిట్ ఆరేళ్లు పనిచేసింది. చెడిన స్టోరేజీని తప్పించుకుని లేచే దారి ఒకటి ముందే ఉంచడం వల్లే అది సాధ్యమైంది.

భూమ్మీద మాత్రం ఈ దారి మూసేసిన పరికరాలు బోలెడున్నాయి. తయారీదారు సంతకం లేని ప్రోగ్రాంని చిప్పు నడపకుండా తాళం వేస్తారు. భద్రత కోసం అది కొన్నిచోట్ల అవసరమే, ఒప్పుకోవాలి. కానీ కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన రోజున ఆ పరికరం బతికుండగానే చెత్తలో చేరుతుంది. బీగిల్‌బోన్ లాంటి బోర్డుల సర్క్యూట్ చిత్రాలు, బూట్ వరస, ఇమేజ్‌లు అన్నీ బహిరంగంగా ఉన్నాయి కాబట్టే 2013 నాటి బోర్డుకి కూడా ఈ రోజు కొత్త లినక్స్ ఎక్కుతోంది. కాలేజీ ల్యాబుకి బోర్డులు కొనేవాళ్లు ధరతో పాటు ఇది కూడా అడగాలి: ఇది చెడితే మా పిల్లలు కార్డుతో లేపుకోగలరా?

ఆ కార్డుని బోర్డు బాగున్న రోజునే తయారుచేసి పెట్టుకోవాలి. రెండు కార్డులు, రెండు చిన్న కవర్లు. కవరు మీద బోర్డు పేరు, ఇమేజ్ తేదీ, ఇది నడిపే కార్డా చెరిపే కార్డా అన్నది పెద్ద అక్షరాలతో రాయాలి. వేలిగోరంత కార్డు మీద ఏదీ రాయలేం కదా. నడిపే కార్డుని ఒకసారి బోర్డులో పెట్టి, బటన్‌తో బూట్ చేసి, ఈఎంఎంసీ కనిపిస్తోందో లేదో చూసి మరీ దాచాలి. కరెంటు లేకుండా ఏళ్ల తరబడి పడి ఉన్న ఫ్లాష్ కార్డులో రాత నెమ్మదిగా చెదరొచ్చు, కాబట్టి ఏడాదికోసారి తీసి కొత్త ఇమేజ్ రాసుకోవడం మంచిది.

ఫ్లాషర్ పని ముగిశాక బోర్డుకి కరెంటు ఇవ్వబోయే ముందు కార్డు తీసేయడం మరిచిపోకూడదు. ఇప్పుడు ఈఎంఎంసీలో ఉన్న కొత్త యూ-బూట్ కార్డు కనిపిస్తే ముందు దానివైపే వెళ్తుంది. ఫ్లాషర్ మళ్లీ మొదలై, అప్పుడే వేసిన దాన్ని చెరిపి మళ్లీ రాస్తుంది. కార్డు తీసి, బోర్డు లేచాక ల్యాప్‌టాప్ నుంచి యూఎస్‌బీ కేబుల్ మీదుగా ఎస్ఎస్‌హెచ్‌తో కలవబోతే, అవతలి యంత్రం గుర్తింపు మారిపోయిందని, ఎవరో మధ్యలో దూరి ఉండొచ్చని పెద్ద అక్షరాల హెచ్చరిక వస్తుంది. దూరినవాళ్లెవరూ లేరు. కొత్త లినక్స్ కొత్త తాళాలు తయారుచేసుకుంది, ల్యాప్‌టాప్ పాతవాటినే గుర్తుపెట్టుకుంది. ఎస్ఎస్‌హెచ్ కీజెన్ కమాండుతో ఆ పాత వరస తీసేస్తే చాలు. లోపలికి వెళ్లగానే చేయవలసిన మొదటి పని పాస్‌వర్డ్ మార్చడం. బీగిల్‌బోన్ ఇమేజ్‌ల్లో డెబియన్ అనే యూజర్‌కి తయారీదారు పెట్టిన పాస్‌వర్డ్ ఏళ్లుగా అందరికీ తెలిసిందే. నెట్ కేబుల్ పెట్టకముందే అది మారాలి. ఆ తర్వాత బయటికి తీసి దాచిన హోమ్ ఫోల్డర్‌ని తిరిగి దాని చోట పెట్టి, సెట్టింగులు ఒక్కొక్కటే చూసుకుంటూ దింపుకోవచ్చు. ఈటీసీ ఫోల్డర్‌ని మాత్రం గంపగుత్తగా తిరిగి పోయకూడదు. బోర్డుని పడుకోబెట్టిన ఆ తప్పు అక్షరం అందులోనే ఉండి ఉంటుంది.